జలుబుకు వాడే మాట

అక్క ఎలా ఉందని ఫోన్‌లో అడిగితే, ఆమె కొడుకు "అండర్ ద వెదర్, అంతే పిన్నీ" అన్నాడు. కాస్త నలతగా ఉంటే ఇంగ్లీషులో అలా అంటారు. పాత పేపర్లు కూడబలుక్కుని చదివి ఆ భాష నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. ఆదివారం వెళ్దాంలే అని ఊరుకున్నాను.

వెళ్లేసరికి అక్క ఆసుపత్రిలో ఉంది. గొంతులో గొట్టం వేశారు. స్పృహ లేదు.

"నువ్వు కంగారు మనిషివని అలా చెప్పాను, పిన్నీ."

"జలుబుకు వాడే మాటరా అది! మీ అమ్మకి ప్రాణం మీదకొస్తే తెలుగులో చెప్పడానికి నోరు రాలేదా? నేను కంగారుపడితే నీ సొమ్మేం పోయింది? నా కోసం అడిగిందా, లేదా?"

వాడు తల దించుకున్నాడు. "నిన్నటిదాకా అడిగింది."

అక్క చెవి దగ్గరికి వంగాను.

"వచ్చాను అక్కా. నాకు చెప్పలేదే వీడు!"