వెనకంతా నలుపే

మంగళసూత్రం కట్టే వేళకు మరియదాసు లైటును తలకంటే జానెడు ఎత్తున పట్టుకుని మండపం మీద ఒక అడుగు వెనక్కి వేశాడు. చూడకుండానే వేశాడు. ముప్పై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళ ముందు వెనక్కి నడిచిన మడమలవి. మెట్టు ఎక్కడుందో, పూలబుట్ట ఎక్కడుందో, అయ్యవారి కలశం ఎక్కడుందో అరికాళ్ళకే తెలిసిపోతుంది. మండపం మీదికి చెప్పులతో ఎక్కనివ్వరు, చర్చిలోనూ అంతే. అందుకని చేతిలోకి లైటు వచ్చిందంటే చాలు, కాళ్ళు వాటంతటవే చెప్పులు విడిచేస్తాయి. విడిచిన చెప్పుల్ని ముక్కులు బయటికి ఉండేలా పక్కపక్కనే పెట్టడం అతని అలవాటు. పని అయ్యాక వెతుక్కోకుండా కాళ్ళు దూర్చేసి వెళ్ళిపోవచ్చు.

సన్నటి మనిషి, చేతులు మాత్రం పొడుగు. ఏళ్ళ తరబడి లైటు ఎత్తి పట్టినందుకు కుడిభుజం ఎడమదానికంటే కాస్త పైకి ఉంటుంది, ఎవరినో పిలవబోయి ఆగిపోయినట్టు. గవర్నర్‌పేటలోని భానుశ్రీ స్టూడియో తీసిన పెళ్ళి ఆల్బమ్‌లన్నిటిలోనూ అతని వెలుతురుంది. అతనున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. లైటు పట్టుకున్నవాడిని ఎవరు ఫోటో తీస్తారు?

"దాసూ, ఎడమకయ్యా, ఎడమకి," అన్నాడు బసవయ్య కెమెరా వెనక నుంచి. స్టూడియో యజమాని ఆయనే. నోటితో చెప్పకముందు రెండుసార్లు వేలితో చూపించాడు. మరియదాసుకు కనిపించలేదు. ఉలిక్కిపడి ఎడమకు జరిగాడు. తాళి కట్టడం అప్పటికే అయిపోయింది.

భోజనాల దగ్గర బసవయ్య అతని పక్కనే కూర్చుని, పప్పు కలుపుకుంటూ అన్నాడు.

"ఈ శ్రావణం దాటాక స్టాండు లైట్లు తెప్పిస్తున్నా దాసూ. వాటికి మనిషి అక్కర్లేదు. ముందే చెప్తే నీ దారి నువ్వు చూసుకుంటావని."

"సరేలెండి," అన్నాడు మరియదాసు. మిగిలిన అన్నంలోకి మజ్జిగ పోయించుకున్నాడు.

బసవయ్యకు తెలియంది ఒకటుంది. తెలిస్తే శ్రావణం దాటేదాకా కూడా ఆగేవాడు కాదు. మరియదాసు కళ్ళు పోతున్నాయి. నీటికాసులన్నారు కంటాసుపత్రిలో. నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి అన్నారు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్కలు కనిపించవు, గొట్టంలోంచి చూస్తున్నట్టు. పొద్దువాలితే ఆ గొట్టం కూడా సన్నబడుతుంది. ఈ సంగతి భార్య అమలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చూపు లేనివాడి చేతికి లైటు ఎవరిస్తారు? ఆ ఒక్క భయంతోనే రెండేళ్ళుగా నోరు కట్టుకుని తిరుగుతున్నాడు.

ఇప్పుడు మిగిలిన ఆశల్లా శ్రీచరణ్ సారే. కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, ఆదివారాలు పొలాల వెంటా చెరువుల వెంటా తిరిగి పిట్టల్నీ పురుగుల్నీ ఫోటోలు తీస్తాడు. ఫ్లాష్ బాగుచేయించుకోవడానికి స్టూడియోకి వచ్చి, చెయ్యి వణకని మనిషెవరైనా ఉన్నారా అని అడిగితే బసవయ్యే మరియదాసును చూపించాడు. రెండు ఆదివారాలు వెంట వెళ్ళాడు. రెండుసార్లూ పట్టపగలే కాబట్టి గండం గడిచింది. ఇవాళ్టి పని బాగా కుదిరితే నెల జీతం మీద పెట్టుకుంటానన్నాడు సార్.

మండపం గేటు దగ్గర సార్ కారు కోసం నిలబడి ఉండగా అమలమ్మ ఫోన్ చేసింది.

"చీకటి పడకముందే వచ్చెయ్యి. కళ్ళ సంగతి ఆ సారుకి చెప్పావా?"

"చెప్తాలే."

"ఎప్పుడు చెప్తావు? నీకసలే..."

"చెప్తానన్నాగా అమలా. కారొచ్చింది, పెట్టేస్తున్నా."

మనిషి మంచివాడే శ్రీచరణ్. ముప్పై ఐదు దాటాయేమో, వయసులో పెద్దవాడని మరియదాసును ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటాడు, మీరు అంటాడు. హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆగినప్పుడు రోడ్డుపక్క కొట్లో మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి రబ్బరు బూట్లు ఒక జత కొని తెచ్చాడు.

"మీకేనండి. రాత్రి వాన పడింది, గట్లన్నీ చిత్తడిగా ఉంటాయి."

మరియదాసు వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు. కొత్త రబ్బరు వాసన, మడమ మీద ఎర్ర స్టిక్కరు. ఊహ తెలిశాక ఒకరు తన కాళ్ళ గురించి ఆలోచించడం ఇదే మొదలు. కళ్ళ సంగతి ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. బూట్లు కొనిచ్చిన మనిషికి ఆ మాట ఎలా చెప్పేది? ఇంకో గంట పోయాక చూద్దాంలే అనుకున్నాడు.

జంక్షన్ దగ్గర హైవే దిగి కొల్లేటి వైపు చాలాదూరం వెళ్ళారు. కొత్తగా నాట్లు వేసిన మళ్ళు, మధ్య మధ్య చేపల చెరువులు. ఆకాశం బూడిద రంగులో పొలాల మీదికి వంగి ఉంది. గాలి లేదు. కారు ఆపగానే కప్పల మోత చెవుల్లో పడింది, వందల గొంతులు ఒక్కసారి. శ్రీచరణ్ ముఖం వెలిగిపోయింది.

"బోదురుకప్పలండీ. వానలకి మగవి పసుపుముద్దల్లా అయిపోతాయి. గొంతు కింద నీలం బుడగలు ఊదుతాయి. వాటి కోసమే మనం వచ్చింది."

మరియదాసు చెప్పులు కార్లో వదిలి బూట్లు తొడుక్కున్నాడు. గట్టు మీద ఎదురొచ్చిన కూలీ మనిషి కనకలక్ష్మి నెత్తిమీద గడ్డిమోపుతో ఆగింది. కెమెరానూ, లైటునూ, ఇద్దరు మగాళ్ళనూ పైనుంచి కిందిదాకా చూసింది.

"కప్పల్ని ఫోటోలు తీస్తారా? ఇంకేం దొరకలేదాండీ?" అని నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, "ఎలుగుండగానే తీసుకుని ఎల్లిపోండి బాబూ. కప్పలు కేకలేస్తంటే వాటికోసం పాములొస్తయ్యి. మొన్న ఈ గట్టు మీదే మా మరిదిని కరిచింది. ఉత్త కాళ్ళతో తిరగమాకండి."

"బూట్లున్నాయమ్మా," అన్నాడు శ్రీచరణ్.

ఆమె మరియదాసు బూట్లు చూసి తలూపి వెళ్ళిపోయింది.

శ్రీచరణ్ మడి గట్టున బోర్లా పడుకుని కెమెరా సరిచేసుకుంటూ, క్లాసులో చెప్పినట్టే చెప్పాడు.

"ఫ్లాష్‌ని కెమెరా మీద పెట్టి ఎదురుగా కొడితే జంతువు కళ్ళు గాజుగోళీల్లా మెరుస్తాయి, బొమ్మ చప్పగా వస్తుంది. పక్కనుంచి, కింద నుంచి రావాలి. కెమెరాలోకి వచ్చే వెలుతురు బాగా తగ్గించాను. ఇక ఫ్లాష్ పడిన మేరే కనిపిస్తుంది. దాని వెనకంతా నలుపే."

మరియదాసుకు అది బాగా అర్థమైంది. తనకు కనిపించే లోకమూ ఇప్పుడు అంతే కదా. ఫ్లాష్ తల మీద తెల్లటి పెరుగు డబ్బా బోర్లించి బిగించాడు, వెలుతురు మెత్తగా పడడానికి అతను చేసిన ఏర్పాటే అది. ఫ్లాష్ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు, పొద్దున మండపం మెట్ల దగ్గర చేసినట్టే, ముప్పై ఏళ్ళుగా చేస్తున్నట్టే, ఏమీ ఆలోచించకుండా రెండు బూట్లూ విప్పి, ముక్కులు దారివైపు ఉండేలా గట్టు మీద పక్కపక్కనే పెట్టి ముందుకెళ్ళాడు. శ్రీచరణ్ కన్ను కెమెరాకే అతుక్కుని ఉంది. అతను చూడలేదు.

గొంతుక్కూర్చుని మరియదాసు లైటును నేలకు బెత్తెడు ఎత్తున పట్టాడు. కప్ప పచ్చగా, బరువుగా, చిన్న దేవుడిలా నీళ్ళలో కూర్చుని ఉంది. ఫ్లాష్ వెలిగింది. వెలిగిన ప్రతిసారీ అతని కళ్ళలో ఒక నల్లమచ్చ పడి, కరగడానికి చాలాసేపు పడుతోంది. అది కరిగేలోపే మళ్ళీ వెలుగుతోంది. ఈలోగా పొద్దు గుంకింది. మడీ గట్టూ ఆకాశమూ కలిసిపోయాయి. ఇక ఫ్లాష్ వెనక వెలిగే ఎర్రటి చుక్క తప్ప అతనికి ఏదీ కనిపించడం లేదు. కప్ప అరుపును బట్టి, సార్ గొంతును బట్టి చెయ్యి జరుపుతున్నాడు.

"కొంచెం వెనక్కి, మరియదాసు గారూ. అంతే, అంతే."

మడమ వెనక్కి జరిపాడు, చూడకుండా. కాలికింద గుండ్రంగా, చల్లగా ఏదో తగిలింది. గడ్డితాడు అనుకున్నాడు. అది తాడు కాదు. కప్పల కోసం గట్టెక్కిన కట్లపాము.

చీలమండ దగ్గర చురుక్కుమంది, అదీ అంతంతమాత్రంగానే. గండుచీమ కుట్టినా అంతకంటే ఎక్కువ మంటపుడుతుంది.

"కదలకండి. ఇదే, ఇదే... కదలకండి."

కదల్లేదు. పెళ్ళిపందిట్లో దోమలు పీక్కుతిన్నా, చెమట కళ్ళలోకి కారినా, లైటు కదిపిన మనిషి కాదు. ఫ్లాష్ వెలిగింది. వెనక గడ్డిలో ఏదో సర్రున జారిపోయిన చప్పుడు కప్పల మోతలో కలిసిపోయింది.

శ్రీచరణ్ లేచి కెమెరా వెనక తెర అతనికి చూపించాడు.

"చూడండి. బుడగలు రెండూ ఎలా వచ్చాయో. వెనక ఏమంటే ఏమీ లేదు, ఎంత శుభ్రంగా ఉందో."

మరియదాసుకు పసుపుమరక ఒకటి లీలగా కనిపించింది. "బాగుందండీ," అన్నాడు.

బూట్ల కోసం గట్టు మీద కాలితో తడిమాడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. ఇక్కడే పెట్టాడు. కానీ ఆ ఇక్కడ ఎక్కడో తెలియడం లేదు. ఒక్కమాట, సారూ కాస్త సెల్లు లైటు ఇటు వెయ్యండి అంటే చాలు. అంటే ఎందుకంటాడు. పక్కనే ఉన్నాయి, కనబడడం లేదా అంటాడు. సార్ ఫోన్ వెలుతురు ముందు నడిచి పోతుంటే దాని వెనకే, భుజానున్న కెమెరా సంచి పట్టీ పట్టుకుని ఉత్త కాళ్ళతో నడిచాడు. కారు దగ్గర సంచులు మరియదాసే డిక్కీలో పెట్టాడు.

"బూట్లు?"

"డిక్కీలో పడేశానండీ. బురదయ్యాయి."

జంక్షన్‌కు వచ్చేసరికి కడుపులో నొప్పి మొదలైంది. పెళ్ళిభోజనం అనుకున్నాడు. శ్రీచరణ్ కారు దగ్గరికే టీ తెచ్చి ఇచ్చాడు. ఒక గుక్క నోట్లో పోసుకుంటే మింగుడు పడలేదు, పెదవి పక్క నుంచి చొక్కా మీదికి కారింది. ఎదురుగా వచ్చే లారీ దీపాలు రెండు నాలుగయ్యాయి. రెప్పలు వాలిపోతున్నాయి, ఎత్తబోతే లేవడం లేదు. ఇవాళే పోతున్నాయి, ఉన్న కాస్త చూపూ ఇవాళే పోతోంది అనుకున్నాడు. చీమ కుట్టిన సంగతి అతనికి గుర్తే రాలేదు. మరియమ్మ తల్లీ, ఈ ఒక్కరాత్రికి సారుకి తెలియనివ్వకు, రేపు నేనే చెప్పుకుంటాను అని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు శ్రీచరణ్.

"నిద్దరండీ," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. తల సీటుకు ఆనించి, వాలిన రెప్పల్ని అలాగే వదిలేశాడు, నిద్రపోతున్నవాడిలా.

కారు హైవే ఎక్కింది. శ్రీచరణ్‌కు మాట్లాడాలని ఉంది. అంత మంచి ఫోటో పడిన రోజున ఎవరికి మాత్రం ఉండదు.

"ఒకటో తారీఖు నుంచి మీరు నాతోనే, మరియదాసు గారూ. ఆ స్టూడియోకి చెప్పేయండి. వచ్చే నెల పాపికొండలు వెళ్దాం. మీలా లైటు పట్టే మనిషి నాకింకెక్కడ దొరుకుతాడు."

మరియదాసు విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. లోపల సంతోషం పొంగింది, నిజంగా పొంగింది. అమలమ్మతో ముందు ఏ మాట చెప్పాలో కూడా అనుకున్నాడు. సరేనండీ అనబోతే నాలుక కదల్లేదు. చెయ్యి ఎత్తబోయాడు. ముప్పై ఏళ్ళు ఎత్తిన చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

పక్కకు చూసి శ్రీచరణ్ చిన్నగా నవ్వుకున్నాడు. కార్లో మోగుతున్న పాట ఆపేశాడు, ఏసీ తగ్గించాడు. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు పాపం, పడుకోనీ అనుకున్నాడు. నిడమానూరు దాటేదాకా మరియదాసు ఛాతీ కాస్త కాస్త కదులుతూ ఉంది. రామవరప్పాడు రింగు దగ్గర సిగ్నల్ పడి కారు ఆగింది. మళ్ళీ కదిలేటప్పటికి అదీ లేదు.

గుణదలలో సందు మొదట్లోనే నిలబడి ఉంది అమలమ్మ. కారు తలుపు తీసి భుజం పట్టుకుని కుదిపింది. "లెగవయ్యా," అంది. ఇంకోసారి అంది. ఆపైన అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఆసుపత్రిలో డాక్టరు కుడికాలి చీలమండ దగ్గర రెండు సన్నటి చుక్కలు చూపించాడు. సూదిమొన దిగినంత. శ్రీచరణ్ వంగి ఆ చుక్కలకేసి చూశాడు.

"బూట్లు వేసుకున్నారండీ. నేనే కొన్నాను. డిక్కీలో ఉన్నాయి," అంటూ పరుగున వెళ్ళి డిక్కీ తెరిచాడు. కెమెరా సంచులున్నాయి, పెరుగు డబ్బాతో సహా ఫ్లాష్ ఉంది. బూట్లు లేవు.

వెనకే వచ్చిన అమలమ్మ ఖాళీ డిక్కీలోకి చూసింది.

"చీకట్లో ఆయనకి కనపడవు బాబూ. ఎక్కడో వదిలేసి ఉంటాడు. కళ్ళు పోతున్నాయని మీకు చెప్పలేదా?"

శ్రీచరణ్ డిక్కీ మూసేశాడు. ఆ చీకట్లో తను ఎన్నిసార్లు వెనక్కి జరగమన్నాడో లెక్క గుర్తు తెచ్చుకోబోయి మానుకున్నాడు.

మర్నాడు పొద్దున ఒక్కడే ఆ గట్టు దగ్గరికి వెళ్ళాడు. తెల్లవారుజామున మళ్ళీ వాన పడినట్టుంది, గట్టంతా కడిగినట్టుంది. కప్పలు నోరెత్తడం లేదు. రాత్రి తను కెమెరాతో బోర్లా పడుకున్న చోటికి పట్టుమని పది అడుగులు లేవు, నల్లటి రబ్బరు బూట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ముక్కులు దారివైపు పెట్టి, మడమ మీద ఎర్ర స్టిక్కరు ఇంకా ఊడకుండా, అంచుల దాకా వాననీళ్ళతో.