దవడ కింద గాటు

నలభై ఏళ్లుగా తనకు గడ్డం గీస్తున్న మంగలి చేతులు ఈమధ్య వణకసాగాయి. ఆ మాట అతని ముఖాన అనలేక, రిటైర్డ్ ఇంజనీరుగారు గడ్డం గీసే మడతకత్తి కొని ఇంట్లో గుట్టుగా అభ్యాసం మొదలుపెట్టారు. మూడోనాడే దవడ కింద గాటు పడింది. దుకాణానికి వెళ్లడం మానేస్తే మంగలి నొచ్చుకుంటాడని ఎప్పటిలాగే వెళ్లారు.

“ఏ ప్రబుద్ధుడి పనండీ ఇది? వెంట్రుకల వాలుకు ఎదురు గీశాడు!” అన్నాడు మంగలి, గాటు చూసి.

“నేనే.”

“నా చెయ్యి చూసి భయపడ్డారన్నమాట.”

ఇంజనీరుగారు కుర్చీలోంచి లేచారు.

మంగలి తానే కుర్చీలో కూర్చుని, మాసిన గడ్డానికి నురగ రాసుకున్నాడు. “నాది నేను గీసుకోలేక వారమైంది బాబూ. చర్మం బిగబట్టండి, కత్తి కాస్త పడుకోబెట్టండి. దీనిమీదే నేర్చుకోండి.”

కత్తి చేతికిచ్చి, మెడ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. ఇంజనీరుగారికి ఆ మెడమీద కొట్టుకుంటున్న నరం తప్ప మరేమీ కనిపించలేదు.