అడుగున ఉన్న అంకె

తుపాకీ కొంటున్నది వ్లాస్టా. జవాబులు చెబుతున్నది ఆమె అన్న ఎమిల్.

"దేనికమ్మా?" అని దుకాణం ముసలాయన హోలుబ్ అడిగితే, "పందులకి" అన్నాడు ఎమిల్. "ఎంత దూరం నుంచి కొడతావు?" అంటే, "మహా అయితే వంద గజాలు" అన్నాడు. "భుజానికి దెబ్బ ఓర్చుకోగలవా?" అంటే, "దాని మొహం, ఇదెక్కడ ఓర్చుకుంటుంది!" అన్నదీ ఎమిలే.

వ్లాస్టాకు ఒళ్ళు మండింది. యాభై రెండేళ్ళ మనిషి. బ్రజోస్ ఏటి గట్టున తండ్రి వదిలిపోయిన అరవై ఎకరాలను పదకొండేళ్ళుగా ఒంటి చేత్తో సాగు చేస్తున్నది. అందులో సగం ఎమిల్ పేరున ఉంది. అతను ఊళ్ళో కంకర లారీలు తిప్పుకుంటూ, పొలానికి సలహాలు మాత్రం పంపిస్తుంటాడు.

ఈ ఏడు వేసిన మొక్కజొన్నను అడవి పందులు రెండుసార్లు తినేశాయి. విత్తిన నాలుగో రోజుకల్లా దిగుతాయవి. గింజ ఎక్కడుందో వాటి ముక్కుకు తెలిసినంతగా విత్తిన మనిషికి కూడా తెలియదు. సాలు మొదట్లో మూతి పెడితే చివరిదాకా గీత గీసినట్టు దున్నుకుంటూ పోతాయి. తండ్రి నాటి రైఫిల్‌తో ఒకదాన్ని కొట్టి, పిడి లాగి, తోసి, మళ్ళీ గురి పెట్టేలోపు తక్కినవన్నీ ఏటి తుప్పల్లో ఉంటాయి. మూడోసారి విత్తనం నేలలో పడి ఇవాళ్టికి రెండో రోజు. అదను దాటిపోతున్నది, నాలుగో విత్తు అనేది లేదు. ఇదీ పోతే పొలాన్ని సౌర పలకల కంపెనీకి ముప్పై ఏళ్ళకు రాసిచ్చేద్దామని ఎమిల్ కాగితాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. పంతం కొద్దీ వ్లాస్టా కూడా మాట ఇచ్చేసింది: మూడోదీ పోతే సంతకం పెడతానని.

"ఆ 300 బ్లాకౌట్ రైఫిల్ ఇచ్చెయ్యి హోలుబ్. నా దగ్గరున్న రకమే. తూటాలు నేనే చేసిస్తా, దీనికి కొనే పని కూడా ఉండదు" అన్నాడు ఎమిల్.

హోలుబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒరే ఎమిల్, నా ట్రక్కు అద్దాలు దించే ఉన్నాయి. మబ్బు పట్టినట్టుంది. కాస్త ఎత్తి వస్తావా, నా మోకాళ్ళు నీకు తెలుసుగా."

ఎమిల్ వెళ్ళాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తున్నది. వెళ్ళినవాడికి ఫోను రావడంతో అక్కడే నిలబడి ఎవరితోనో కంకర గురించి అరుస్తున్నాడు. హోలుబ్ ఒక కుర్చీ తెచ్చి వ్లాస్టా ముందు వేశాడు.

"ఇప్పుడు నువ్వు చెప్పు."

"నాకు భుజం తన్నకూడదు. మొదటిది కొట్టాక రెండోది కొట్టేందుకు చెయ్యి కదపకూడదు. తూటాలు ఏ ఊళ్ళో అడిగినా దొరకాలి. ఎవడి దయా అక్కర్లేదు."

"అయితే నీకు 300 వద్దు, సన్న తూటా వేసే 223 చాలు" అంటూ ఆయన గోడ మీది నల్లటి రైఫిల్ దించి, ఖాళీగా ఉందని తాను చూసి, ఆమెకూ చూపించి చేతికిచ్చాడు. అది ఆమె అనుకున్నదానికన్నా తేలికగా ఉంది. "ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్కటే పేలుతుంది. ఖాళీ గుల్లను అదే బయట పారేసి తర్వాతదాన్ని అదే ఎక్కించుకుంటుంది. అంతకుమించి మాయేం లేదు. మాయంతా తూటాలో ఉంటుంది."

ఒక తూటాను బల్ల మీద నిలబెట్టాడు. "ఈ ఇత్తడి గుల్లలో మందు. పైన గుండు. అడుగున నిప్పు రాజేసే బిళ్ళ, దాని చుట్టూ తూటా రకం చెప్పే అంకె. గొట్టం మీద, పెట్టె మీద, అడుగున, మూడు చోట్లా ఒకటే అంకె ఉండాలి. పందులకి మెత్తని మూతి గుండు వాడు, లోపల విచ్చుకుని ఆగిపోతుంది. గట్టిది దూసుకుపోయి అవతల ఎవడి పశువుకో తగులుతుంది. ఇంకో సంగతి. తూటా లోపలికెళ్ళాక గొట్టం వెనక ఉన్న ఈ ఇనప తలుపు పూర్తిగా మూసుకోలేదనుకో, బలవంతం చెయ్యకు. తీసి చూడు. అది మూసుకోనంటున్నదంటే దానికేదో తెలుసన్నమాట."

చివరికి తూటాలు నింపే మ్యాగజైన్లు రెండు తీసి వాటికి పసుపు పట్టీలు చుట్టాడు. "300 తూటాలు కూడా ఇదే మ్యాగజైన్‌లో పడతాయి. అందుకే నా దగ్గర తుపాకీకో రంగు. చాదస్తమనుకో, ఏమన్నా అనుకో."

వ్లాస్టా ఫారం నింపింది. ఫోనులో సర్కారు అనుమతి వచ్చింది. దుకాణం వెనక మైదానంలో ఒక పెట్టె తూటాలు కాల్చి గురి సరిచూసుకుంది. భుజం నొప్పి పుట్టలేదు. ఎమిల్ అప్పటికీ బయట ఫోనులోనే ఉన్నాడు.

ఇంటికొస్తూ దారిలో ఎమిల్‌కు చెప్పింది: "నేను 223 తీసుకున్నానన్నయ్యా." అతను ఫోను చెవిన పెట్టుకునే, "ఆఁ, ఆఁ" అన్నాడు.

విత్తిన నాలుగో రోజు సాయంత్రం ఆమె పొలానికి గాలివాటు చూసుకుని, గడ్డిమోపు మీద రైఫిల్ ఆనించి కూర్చుంది. పొద్దు ఇంకా రెండు బారలుంది. ఎమిల్ ట్రక్కు దూరంగా ఆపి నడిచి వచ్చాడు. ఒక చేతిలో గసగసాలు కూరిన కొలాచె రొట్టెల పొట్లం, రెండో చేతిలో నిండుగా నింపిన మూడు మ్యాగజైన్లు.

"నీకోసం కూర్చుని నింపాను. రాత్రి రెండు గంటలు పట్టింది. నన్ను తిట్టుకుంటూ ఉంటావు గానీ."

ఎమిల్ వ్లాస్టా కోసం రెండు గంటలు కూర్చున్న సందర్భం ఆమెకు గుర్తున్నంతలో లేదు. ఒక మ్యాగజైన్ తీసుకుని పైనున్న తూటాను బొటనవేలితో బయటికి జరిపి అడుగు చూసింది. 223. అన్న విన్నాడన్నమాట. ఫోనులో అరుస్తూనే విన్నాడు. పదకొండేళ్ళ కోపంలో ఒక పిసరు కరిగింది. పక్కనే పసుపు పట్టీలవి రెండున్నా, ముందు అన్న తెచ్చిందే పెట్టాలనిపించింది.

పెట్టింది. తలుపు వదిలింది. మైదానంలో టక్కుమని ఇనుము ఇనుమును కరిచేది. ఇప్పుడు మొద్దుగా ఏదో చప్పుడైంది. తలుపు చిటికెనవేలంత దూరంలో ఆగిపోయింది.

"కొత్తది కదా, బిగుసుకుంటుంది" అన్నాడు ఎమిల్ కొలాచె నములుతూ. "పక్కన బొత్తాం ఉంది చూడు. అరచేత్తో ఒక్కటివ్వు, దిగుతుంది."

"బలవంతం చెయ్యొద్దన్నాడు హోలుబ్."

"హోలుబ్! ఆ ముసలోడు పట్టీలు చుట్టుకునేవాడు. జరుగు, నేనిస్తా." చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి దిగేలోపు వ్లాస్టా మోచేత్తో అతని రొమ్ము మీద ఒక్క తోపు తోసింది. కొలాచె మట్టిలో పడింది.

"ఏమే, పిచ్చెక్కిందా?"

ఆమె గొట్టం ఖాళీ నేల వైపు పెట్టి, మ్యాగజైన్ ఊడదీసి, పిడి పట్టి బలంగా లాగింది. రాలేదు. మోకాలు ఆనించి మళ్ళీ లాగింది. తూటా ఎగిరి గడ్డిలో పడింది. తీసి, తన పసుపు మ్యాగజైన్‌లోది ఒకటి తీసి, రెంటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. తనది సన్నగా, మొన దేలి ఉంది. ఎమిల్ చేసింది లావు గుండుతో, పొట్టి మెడతో ఉంది. ఆ లావు గుండు ఇరుకు గొట్టానికి గుద్దుకుని గోరంత మేర గుల్లలోకి దిగబడిపోయింది. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే పూర్తిగా దిగేది. తలుపు మూసుకునేది. పందులు రాగానే ఆమె చెంప ఆనించి ట్రిగ్గర్ నొక్కేది.

"ఇది 300" అంది వ్లాస్టా.

"మరి? నువ్వు కొన్నది 300యే కదా."

"నేను కొన్నది 223."

"నాకెప్పుడు చెప్పావు?"

"ట్రక్కులో. నా పక్కన కూర్చుని. ఆఁ, ఆఁ అన్నావు."

"ఫోనులో ఉన్నాగా..."

"అడుగున 223 అని ఎందుకుంది?"

ఎమిల్ అప్పుడు కాస్త నసిగాడు. "గుల్లలు కొత్తవి ఎవడు కొంటాడే. మైదానంలో పారేసిన 223లు ఏరుకొచ్చి, మెడ కోసి, 300కి సాగదీసి చేస్తా. సగం మంది అలాగే చేసుకుంటారు. అడుగున పాత అంకె అలాగే ఉండిపోతుంది. అయితే ఏం, నాకు తెలుసుగా!"

"నీకు తెలుసు!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నీకు తెలుస్తుంది, నేను చస్తాను! నీ ముందు పదకొండేళ్ళుగా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఊదుతున్నాను. గట్టు తెగిందంటే ఆఁ అన్నావు. పంపు కాలిందంటే ఆఁ అన్నావు. ఏం తుపాకీ కొన్నావే అని నోరు తెరిచి ఒక్క మాట అడగలేకపోయావు. రెండు గంటలు కూర్చుని నా మొహం మీద పేలేది తయారుచేశావు. పైగా కొట్టు, అరచేత్తో కొట్టు అంటావా!"

"మంచికేగా..."

"నీ మంచి తగలెయ్య!"

ఎమిల్ గడ్డిలో కూలబడి, గుండు దిగబడిన ఆ తూటాను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. ఇలాంటివి వందలు చేసినవాడు. ఒక గోరంత ఎంతో అతనికి చెప్పక్కర్లేదు. మొహంలో నెత్తురు లేదు.

వ్లాస్టా తలుపు ముక్క ఊడదీసి, గొట్టంలోంచి ఆకాశం చూసింది. ఏ ముక్కా ఇరుక్కోలేదు. గుండ్రంగా, శుభ్రంగా వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు చూసి ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది. తలుపు తిరిగి బిగించి, తన మ్యాగజైన్ పెట్టింది. టక్.

అప్పటికే పందులు తుప్పల్లోంచి బయటికి వచ్చేశాయి. వాళ్ళ అరుపులు గాలి అటు మోయలేదు, అదొక్కటే అదృష్టం. ముందు పెద్ద ఆడపంది, వెనక పాతిక దాకా మంద. అప్పుడే తూర్పు సాళ్ళలో మూతులు పెట్టాయి. వ్లాస్టా చెవులకు రక్షణ పెట్టుకుంది. వెనకాల మట్టి గట్టే తప్ప ఇల్లూ పశువూ ఏదీ లేదని చూసుకుని, చెంప ఆనించి, పెద్దదాని చెవి కింద గురి పెట్టి నొక్కింది. అది కూలింది. చెయ్యి కదపకుండానే రెండోది. మూడోది. మంద ఎటు పోవాలో తెలియక తమలో తామే గుద్దుకుంది. నాలుగోది పరుగులో తప్పింది, అయిదో గుండుకు కూలింది. తక్కినవి ఏట్లో పడి అవతలి గట్టెక్కి పోతున్న చప్పుడు వినిపించింది. తల పండిన ఆడపంది పోయిన చోటికి మంద మళ్ళీ తొందరగా రాదు.

వ్లాస్టా మ్యాగజైన్ తీసి, తుపాకీ ఖాళీ చేసి, లేచింది. నడిచి వెళ్ళి చూసింది. రెండు సాళ్ళు పది గజాల మేర పోయాయి. మిగిలిన పొలమంతా గింజలు మట్టి కింద చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఒక చోట పగిలిన పెళ్ళ సందులోంచి సూదంత పచ్చటి మొన బయటికి వచ్చి ఉంది.

ఎమిల్ వెనకాలే వచ్చి నిలబడ్డాడు.

"ఆ కంపెనీవాడికి రేపు ఫోన్ చేసి లేదని చెప్పు" అంది ఆమె, అతని వైపు చూడకుండా.

"ఊఁ."

"ఊఁ కాదు. నేనేం చెప్పానో చెప్పు."

ఎమిల్ గొంతు సవరించుకున్నాడు. "పొలం ఇవ్వడం లేదని వాడికి చెప్పమన్నావు."

"ఎప్పుడు?"

"రేపు."

ఆమెకింకా కోపం తగ్గలేదు. ఆ రాత్రికి తగ్గేది కాదు, ఆ వారానికి కూడా తగ్గేలా లేదు. "తాడు నా ట్రక్కులో ఉంది. నాలుగింటినీ గట్టు దాకా లాగు. మొక్కల మీంచి కాదు, సాలు పక్కనుంచి."

ఎమిల్ ఏ సలహా ఇవ్వకుండా తాడు కోసం వెళ్ళాడు.