కమ్మరి పోసిన నీళ్లు

చేతిడ్రిల్లు వెనక పలకను రొమ్ముకు ఆనించి లక్ష్మీరాజం పిడి తిప్పుతున్నాడు. పోతఇనుము పొడి నల్లగా, మెత్తగా పాదాల మీద రాలుతోంది. బల్ల మీద పక్కకు పడుకోబెట్టిన ఇంజన్ దిమ్మకు, నీళ్లు తిరిగే గోడ వెంట జానెడు పగులు. అది ఇంకా ముందుకు పాకకుండా రెండు కొసలకూ మొదట్లోనే రంధ్రాలు వేసేశాడు. ఇప్పుడు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకదాన్ని ఆనుకుని ఒకటి తొలుచుకుంటూ, మరలు కోసి, రాగి మొలలు బిగించి, సుత్తితో అణగగొడుతున్నాడు. చినిగిన బట్టను కుట్టడం లాంటి పనే గానీ, ఇక్కడ ఒక్క కుట్టుకు ఒక ఉదయం పడుతుంది. బస్టాండు పక్కనున్న తన ట్రాక్టర్ల షెడ్డుకు పోయేముందు రోజూ ఒక కుట్టు వేసి పోతాడు.

ఈ పని చేస్తున్నంతసేపూ అతనికి కోపంగానే ఉంటుంది. డ్రిల్లు బిట్టు మొద్దుబారితే కోపం. భార్య సత్తమ్మ చాయ తెచ్చి పక్కన పెడితే కోపం. ఆ చాయ చల్లారిపోతే ఇంకా కోపం. ఖానాపూర్‌లో అతని దగ్గరికి ట్రాక్టర్లు తెచ్చే రైతులు, పని బాగుంటుంది గానీ నోరే బాగుండదని చెప్పుకుంటారు.

వెనక రేకుల పందిరి కింద ఆ కారు ఉంది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. పొడుగాటి బానెట్, తీగల చక్రాలు, ముందు చక్రాల మీంచి తలుపు దాకా ఒంపుగా జారే రేకులు. ఇంగ్లీషు వాళ్ల దేశంలో పందేలకు తోలుకునే బండట. వాగు అవతలి ఊరి దొర ముచ్చటపడి తెప్పించుకున్నాడు. రైతుకూలీ సంఘాల కాలంలో దొర తన కోట లాంటి గడి వదిలి హైదరాబాదు చేరి, అక్కడే కన్నుమూశాడు. కొడుకులొచ్చి గడి దూలాలు కూడా అమ్ముకున్నారు. పశువుల కొట్టంలో పెంటకుప్ప కింద కూరుకుపోయిన కారును పాత ఇనుము కింద తూకం వేయించుకుని లక్ష్మీరాజం ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. కుళ్లిన అడుగురేకు తీసి డ్రమ్ము రేకు వేశాడు. బ్రేకులు బాగుచేశాడు, గేర్‌బాక్సు విప్పి కట్టాడు. ఇంజన్ ఒక్కటే మిగిలింది.

ఆ ఇంజన్ పగలగొట్టింది ఎవరో రెండూళ్లకూ తెలుసు. లక్ష్మీరాజం తండ్రి, కమ్మరి సాంబయ్య.

లక్ష్మీరాజానికి అప్పుడు ఏడేళ్లు, కాపురం ఆ దొర ఊళ్లోనే. నిండు ఎండాకాలం. గట్టు మీద నిలబడి కళ్లారా చూశాడు. వాగు ఇసుకలో కారు దిగబడింది. దొర దిగడు. ఇంజన్ రొద పెడుతుంటే పది మంది మోకులు భుజాలకేసుకుని గుంజుతున్నారు. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. నీళ్లు పొయ్యిరా అని దొర అరిచాడు. సాంబయ్య మోకు వదిలి, ఇసుకలో తవ్విన చెలిమెలోంచి బొక్కెనతో చల్లటి నీళ్లు తోడుకొచ్చి పోశాడు. లోపల టప్పుమని ఒకే ఒక్క చప్పుడు. దొర అప్పుడు దిగాడు. ఇసుకలోకి దిగి, బూటు విప్పి సాంబయ్య ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ చెవి మళ్లీ వినపడలేదు.

దెబ్బ కన్నా నవ్వులే ఎక్కువ కాలం ఉన్నాయి. కమ్మరోడై ఉండి కాగిన ఇనుము మీద చల్లనీళ్లు పోశాడని ఊరంతా నవ్వింది. కొందరు నాగలి కర్రులు సాగగొట్టించుకోవడానికి పక్కూరి కమ్మరి దగ్గరికి పోయారు. బళ్లో పిల్లలు లక్ష్మీరాజాన్ని నీళ్లోడా అని పిలిచారు. సాంబయ్య ఎవరికీ బదులు చెప్పలేదు. తల వంచుకుని కొలిమి తిత్తి గుంజుకున్నాడు. తండ్రి అలా తల వంచడం లక్ష్మీరాజానికి ఈనాటికీ కళ్లలో కారం కొట్టినట్టే ఉంటుంది. అందుకే ఆ ఇంజన్‌కే ప్రాణం పోయాలి. దసరా నాడు ఆ కారే వాగు దాటి, ఆ ఊరి జమ్మిచెట్టు దాకా పోవాలి. తన తండ్రి చేసిన తప్పు ఇంక లేదని నవ్విన ప్రతివాడూ చూడాలి. అదీ అతని పంతం.

మొల బిగిస్తుండగా రాములు, బస్టాండులో తీసుకున్న అద్దె సైకిల్ దిగాడు. నిర్మల్‌లో టాక్సీలు బాగుచేసే మేస్త్రీ, లక్ష్మీరాజంతో కలిసి పని నేర్చుకున్నవాడు.

"ఇంకెన్నొద్దులు గీ మొలలు కొట్టుకుంట కూసుంటవ్‌రా? అంబాసిడర్ ఇంజన్ దొరికింది. మంచిగున్నది. ఇంకోడు అడుగుతుండు, పొద్దూకే దాక ఆపుత."

"నాకద్దు."

"జీపుది పెడితే బానెట్ మూతపడదంటివి, సరే. డీజిలుది పెడితే ముందట స్ప్రింగులు నేల నాకుతయంటివి, అదీ సరే. గిది కొలిచినట్టు కూసుంటది. రెండు పట్టీలు మార్చుడే. దసరాకు బండి ఉరుకుతది."

"గీ ఇంజనే నడవాలె."

రాములు పందిరి గుంజ పక్కన మంచంలో కూర్చున్న సాంబయ్య వైపు ఒకసారి చూసి సైకిలెక్కాడు.

మొలల గురించి రాములు అన్నదాంట్లో అబద్ధం లేదు. వాల్వు దగ్గర పగులు మెలిక తిరిగిన చోట రాగి నిలవదని లక్ష్మీరాజానికీ తెలుసు. ఊరికే గ్యాసు మంట పెడితే పక్కన ఇంకో పగులు లేస్తుంది. దిమ్మ మొత్తాన్ని కొలిమిలో మెల్లగా ఎర్రబడేదాకా కాల్చాలి, పోతకడ్డీ కరిగించి అతకాలి, వెంటనే బూడిదలో కప్పి మరునాటిదాకా చల్లారనివ్వాలి. కొలిమి పెరట్లోనే ఉంది. దాని మంట రంగు చూసి వేడి చెప్పగల చేతులు మాత్రం ఆ మంచంలో ఉన్నాయి. అడిగినప్పుడల్లా సాంబయ్య వినపడని చెవి ఇటు తిప్పేవాడు.

లక్ష్మీరాజం సుత్తి బల్ల మీద పడేసి లేచాడు.

"బాపూ, కొలిమి ఎలిగించు."

సాంబయ్య ఎడమ చెవి తిప్పాడు. లక్ష్మీరాజం మంచం చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు ఇనబడుతున్నదా? కొలిమి ఎలిగించు. దిమ్మను కాల్చాలె."

"నాతోని కాదు."

"కాదా? పల్గగొట్టుడు అయితది గని అతుకుడు కాదా?"

బియ్యం చెరుగుతున్న సత్తమ్మ చేట కింద పెట్టింది. "ముసలాయనతోని గట్ల మాట్లాడుతరా?" అంది. అతనికి వినిపించలేదు.

"ముప్పయ్యేండ్లాయె! సూసినోడల్ల నవ్విండు. కమ్మరోనికి ఇనుము సంగతి ఎర్కలేదని నవ్విండు. నీకు సిగ్గనిపియ్యలే. నాకు అనిపిచ్చింది. నువ్వు జేసిన ఖరాబు పనిని నేను బాగుజేస్తున్న. నాకోసం గంత మంట పెట్టలేవా?"

సాంబయ్య భుజం మీది తువ్వాల తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ముడతల్లో ఇరుక్కున్న చిన్న కళ్లు మొదటిసారి సూటిగా కొడుకును చూశాయి. ఆ కళ్లలోనూ కోపమే ఉంది.

"నాకెర్క లేదారా?"

"ఏంది?"

"కాగిన ఇనుము మీద సల్లనీళ్లు పోస్తే ఏమైతదో నాకెర్క లేదా? నడక రాంగనే తిత్తి గుంజినోన్ని. ఎర్కుండే పోసిన."

లక్ష్మీరాజం మంచం పట్టె పట్టుకున్నాడు.

"బేస్తారమొస్తే దొరకు నిర్మల్ల పైసలు పెట్టి పత్తాలాట. మా మడులు ఎండనీ, మా నాగండ్లు ఆగనీ, పదిమందిమి మోకు భుజానేసుకొని గుంజాలె. దొరా జర దిగుండ్రి, బరువు తగ్గి అలుకగైతది అంటె దిగడు. బూట్లల్ల ఇసుక పడుతదంట. మీ పెదబాపు భుజం పుండై పురుగులు పడ్డది. ఆ పుండు మీదనే మోకు ఏసుకున్నడు. గా దినం నీళ్లు పొయ్యిరా అన్నడు. జర సల్లారనియ్యి దొరా అని నోటిదాక వచ్చింది. అనలే. చెలిమె అడుగునుంచి ముంచిన, ఇంకా సల్లగుంటయని. పోసిన." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "గా దినం సంది మోకు ఎవని భుజం మీదికి రాలే. నవ్వినోళ్లల్ల ఒక్కడన్న గది యాది జేసిండా?"

"నాకెందుకు చెప్పలే?" లక్ష్మీరాజం అడిగాడు. "దొర ఉన్నన్ని రోజులు భయపడ్డవ్, ఒప్పుకుంట. పోయినంక?"

"అడిగినవా? బాపూ ఎందుకు పోసినవని ఎన్నడన్న అడిగినవా? నాకంటె ముందు నువ్వే సిగ్గుపడితివి. నా బతుకుల నా అంతట నేను జేసింది గదొక్కటే పనిరా. నేను సంపిన దాన్ని నువ్వు కూసుండి కుట్టబడితివి."

సత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లక్ష్మీరాజం అక్కడ నిలబడలేక బల్ల దగ్గరికి వెళ్లాడు. ఎవరి మీద అరవాలో అతనికి తెలియలేదు. నవ్విన ఊరి మీద కోపమొచ్చింది. నోరు మూసుకుని అన్నీ పడ్డ ముసలాయన మీద కోపమొచ్చింది. ఊరు చెప్పిందే నిజమనుకుని సొంత తండ్రిని ఒక్క ప్రశ్న అడగని తన మీద అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది. డ్రిల్లు అందుకుని, ఇన్నాళ్లు అణగగొట్టిన రాగి మొలలను ఒక్కొక్కటే తొలిచి పీకడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా షెడ్డుకు పోలేదు. ట్రాక్టర్ కోసం మనిషి వస్తే కసిరి పంపేశాడు.

ఆఖరి మొల పీకాక చేతులు కడుక్కుని చెప్పులు తొడుక్కున్నాడు.

"రాములు తాన్కి పోతున్న. అంబాసిడర్ ఇంజనే పెడుత," అన్నాడు కుడి చెవి పక్కన వంగి.

"అది పెడితే వాగు దాటుతదా?"

"దాటుతది బాపూ."

"ఎవలు గుంజుడు లేదు గద?"

"ఎవలు గుంజరు."

సాంబయ్య కారు వైపు చాలాసేపు చూశాడు. పందిరి కిందికి వచ్చిన నాటి నుంచి దాన్ని ఆయన ముట్టుకోలేదు. "అట్లయితె ఎక్కుత," అన్నాడు. "ఇంత సల్ల తేవే బిడ్డా," అని కోడల్ని మజ్జిగ అడిగాడు.

పొద్దుగూకే వేళకు ట్రాక్టర్ ట్రాలీలో ఇంజన్ వేసుకుని లక్ష్మీరాజం, రాములు వచ్చారు. దించడానికి మోకు కడుతూ లక్ష్మీరాజం కేకేశాడు. చాలా రోజుల తర్వాత ఆ గొంతులో కోపం లేదు.

"బాపూ, తెచ్చిన సూడు!"

"సల్ల తాగి పండుకున్నడు, లేపకు," అంది సత్తమ్మ. "మంచి చెవి దిండు మీద ఉన్నది. ఎంత పిలిచినా ఇనబడదు."

ఆయన ఎప్పుడూ అలాగే పడుకుంటాడు. లోకం మాటలు వద్దనుకున్నప్పుడు వినపడే చెవిని దిండుకు అదిమేస్తాడు. లక్ష్మీరాజం దగ్గరికి వెళ్లి భుజం పట్టి కదిపాడు. భుజం చల్లగా తగిలింది. రాములు మోకు వదిలేసి వచ్చాడు. సత్తమ్మ శోకం తీసింది. లక్ష్మీరాజం మాత్రం వంగి, ఎడమ చెవిలో, ముప్పయ్యేళ్లుగా వినపడని ఆ చెవిలోనే, బాపూ ఎక్కుతనంటివి గదా అని మళ్లీ మళ్లీ అడిగాడు.

ఆ దసరాకు ఇంట్లో మైల. పనిముట్లకు పూజ లేదు. దినాలు గడిచాక ఇంజన్ బిగించి, ఒక బేస్తవారం నాడు ఒక్కడే కారు తోలుకుంటూ వాగులో దిగాడు. నీళ్లు చిమ్ముకుంటూ బండి అవతలికెక్కింది. గడి ముందు ఆపగానే జనం మూగారు. కమ్మరి సాంబన్న కొడుకేనా, తండ్రి పల్గగొట్టింది కొడుకు బాగుజేసిండే అని ఒకడు మెచ్చుకోబోయాడు.

"బాగుజెయ్యలే," అన్నాడు లక్ష్మీరాజం. "మా బాపు ఎర్కుండే పల్గగొట్టిండు. మీ భుజాల మీది మోకు దించెతందుకు పల్గగొట్టిండు. నవ్వినోళ్లెవలో ఇప్పుడు ముందటికి రాండ్రి."

ఎవరూ రాలేదు. వెనకెక్కడో ఒక ముసలివాడు తన కుడి భుజాన్ని మెల్లగా తడుముకున్నాడు.

ఖానాపూర్‌లో, ఇంటి పెరట్లో ఆరిపోయిన కొలిమి గట్టు మీద ఆ పాత దిమ్మ అలాగే ఉంది. మొలలు పీకిన రంధ్రాలతో, మూతపడని జానెడు పగులుతో.