పడవలో మూడో సభ్యుడు

మంత్రి ఫోన్ చేసేసరికి దేవేందర్ కారు రుద్రంగి దాటింది. ముందురోజు కోరుట్లలో మరదలి కూతురి పెళ్లి. అప్పగింతలు అయ్యేదాకా కూర్చోవలసి రావడంతో అతనికి కంటిమీద కునుకు లేదు. డిసెంబరు పొద్దు. మంచు ఇంకా పొలాలను వదల్లేదు. కరెంటు స్తంభాలు ఒక్కొక్కటే తెల్లదనంలోంచి బయటికొచ్చి మళ్లీ అందులోకే పోతున్నాయి.

"తమ్మీ, యాడున్నవ్?"

"చందుర్తి దగ్గరికి అచ్చిన అన్నా. తొమ్మిదిన్నరకల్ల చేరుకుంట."

"చేరుకో. అందరితోని మంచిగ మాట్లాడు. గని పడవ మాత్రం ఎక్కకు."

దేవేందర్ నిటారుగా కూర్చున్నాడు. అతను మొదటిసారి ఎమ్మెల్యే. టికెట్ ఇప్పించింది ఈ మంత్రే. శాసనసభ ప్రభుత్వ హామీల కమిటీలో వేయించింది కూడా ఆయనే. సభలో మంత్రులు 'చేస్తాం' అన్న మాటలన్నీ జాబితాగా రాసుకొని, చేశారా లేదా అని అడగడం ఆ కమిటీ పని. మూడేళ్ల కింద ఈ మంత్రే సభలో లేచి ఒక మాట ఇచ్చాడు. బోయినపల్లి దిక్కు జలాశయంలో మునిగిన రేగులవాడ జనం, ఇప్పుడు చుట్టూ నీళ్లున్న గుట్టమీది తమవాళ్ల సమాధుల దగ్గరికి పోయిరావడానికి పడవ, రేవు ఏర్పాటు చేస్తామన్నాడు. పడవ రాలేదు. దాని బదులు కమిటీకి శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. పడవ అవసరం లేదని గ్రామసభ తీర్మానించింది కాబట్టి ఈ హామీని జాబితాలోంచి తీసేయమని దాని సారాంశం.

కమిటీ అధ్యక్షురాలు రాధిక కూడా అధికార పార్టీయే. అయినా "చూడకుండ తీసెయ్య" అన్నది. గుట్ట దగ్గరే విచారణ పెట్టింది.

"తొమ్మిది మందిల ఆరుగురు రారు, నేను చెప్పిన" అన్నాడు మంత్రి. "ముగ్గురుంటేనే కోరం. నువ్వు ఎక్కకపోతే ఇద్దరే. ఇద్దరు పోతే గది షికారు, విచారణ కాదు. పదిహేను రోజులల్ల సభ మొదలైతది. మళ్ల తిరిగే టైం వాళ్లకు దొరకది."

"మరి నేను అసలు రాకుంటనే అయిపోతుండె గదన్నా?"

"ఏడుగురు రాకుంటే మంత్రి ఆపిండని పేపర్ల రాస్తరు. నువ్వు ఒడ్డున కనవడు. నీళ్లంటే భయమని చెప్పు. ఒక్క ఊరికి పడవ ఇస్తే పదకొండు ఊర్లు అడుగుతయ్ తమ్మీ. ఇంకోటి, కార్పొరేషన్ చైర్మన్ల సంగతి పై వారం మాట్లాడుతున్న. నీ పేరు యాదిల పెట్టుకున్న."

"సరే అన్నా" అన్నాడు దేవేందర్.

ఒడ్డు దగ్గర మంచు నీటితో కలిసిపోయి, ఎక్కడ నీళ్లు మొదలవుతున్నాయో తెలియడం లేదు. చేపల సొసైటీ వాళ్ల పడవ ఒకటి, పైన టార్పాలిన్ కట్టి, నిలబడి ఉంది. రాధిక చెప్పులు చేతిలో పట్టుకొని అప్పటికే అందులో కూర్చుంది. ఆమె పక్కన ప్రతిపక్ష సభ్యుడు లతీఫుద్దీన్, జగిత్యాలలో చాలాకాలం వకీలుగా చేసిన పెద్దమనిషి, మఫ్లర్ చెవులకు చుట్టుకుంటున్నాడు. వెనక నాహీద్. శాసనసభ రిపోర్టరు. కమిటీ ముందు ఎవరేం మాట్లాడినా షార్ట్‌హ్యాండులో పొల్లుపోకుండా రాస్తుంది. రేగులవాడ తరఫున ఒక్కడే వచ్చాడు, బుచ్చన్న. డెబ్బై దాటినవాడు, ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు.

"రండి దేవేందర్ గారూ" అన్నది రాధిక.

"మీరు పోయిరాండ్రి అక్కా. నాకు నీళ్లంటే జర భయం."

రాధిక, లతీఫుద్దీన్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు గాలి కొద్దిగా కదిలి, నీటి మీద మంచు ఒకచోట విచ్చుకుంది. లోపల తాటిచెట్లు కనిపించాయి. పదో పన్నెండో. మట్టలు లేవు, తలలు లేవు. నల్లటి మొండాలు నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో కొంగ. దేవేందర్ వాటినే చూస్తుండిపోయాడు. వాళ్ల నాయిన గీత కార్మికుడు. మోకు నడుముకు బిగించి పొద్దున్నే చెట్టెక్కేవాడు. దేవేందర్ తొమ్మిదో తరగతిలో ఉండగా చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. ఆ తరువాత దేవేందర్ తాటిచెట్టును తలెత్తి చూసిన గుర్తు లేదు. ఇప్పుడు ఆ చెట్లను దగ్గరి నుంచి చూడాలనిపించింది. అంతకంటే ఆలోచించింది ఏమీ లేదు. కాళ్లకు చల్లగా తగిలినప్పుడు చూసుకుంటే, నీళ్లలో అడుగుపెట్టి పడవ అంచు పట్టుకొని ఉన్నాడు. బుచ్చన్న చెయ్యి అందించాడు.

"మెల్లగ సారూ. గీ పక్కకు కూసో."

నాహీద్ పుస్తకంలో టైము వేసింది. తొమ్మిది యాభై.

పడవ కదిలింది. టార్పాలిన్ కింద వెచ్చగా ఉంది. రెండు చెట్లు దాటేసరికి దేవేందర్ కళ్లు మూతలు పడ్డాయి. తెరవాలని చూశాడు. కానీ తెడ్డు చప్పుడు, నీళ్ల చప్పుడు, బుచ్చన్న గొంతు, అన్నీ కలిసి అతన్ని కిందికి తీసుకుపోయాయి.

"గిప్పుడు మనం సర్కారు బడి మీదున్నమమ్మా" అంటున్నాడు బుచ్చన్న. "గీడ నుంచి ఎడమకు పోతే మా వాడ. గా మూలకు చిన్నవ్వ చాయ హోటలుండె."

దేవేందర్ ఆ వాడలోనే నడుస్తున్నాడు. పైన ఆకాశం ఆకుపచ్చగా ఊగుతోంది. ఇళ్ల తలుపులు తీసే ఉన్నాయి. అరుగుల మీద ఎవరో కూర్చున్నారు, ముఖాలు తెలియడం లేదు. చేపలు పిచ్చుకల్లా చూరుల్లోంచి గుంపుగా లేచి పక్కకు తిరుగుతున్నాయి. బడి గోడ మీద ఎక్కాలు ఇంకా చెరిగిపోలేదు.

"పడవ అక్కర లేదని గ్రామసభల మీరే తీర్మానం చేసిండ్రని రాసిండ్రు" అని రాధిక గొంతు ఎక్కడో పైనుంచి వినిపించింది.

"ఊరే లేదమ్మా. గ్రామసభ యాడ జరుగుతది?"

"మరి మీరెవరూ సంతకాలు పెట్టలేదా?"

"ఊరు మునిగినంక మాకిచ్చిన కాలనీల నీళ్ల నల్లాల కోసమని కాగితం తెచ్చిండ్రు. ఏలిముద్రలేసినం. గది గీ పడవ వద్దనే దానికని మాకెవరు చెప్పిండ్రు?" తెడ్డు చప్పుడు మీదుగా అతని గొంతే మళ్లీ వినిపించింది. "నా పెండ్లాం బుచ్చవ్వ గా గుట్ట మీదున్నది. నీళ్లు రాకముందే పోయింది, ఊరు మునుగుడు సూడలే. ఏటా పెత్తరమాసకు, పెద్దల అమాస నాడు, అన్నం పెట్టి రావాలె. నిరుడు పడవోళ్లు దొరకలే. ఒడ్డు మీద నిలవడి అన్నం పెట్టిన ఇస్తారి నీళ్లల్ల ఇడిసిన. జరంత దూరం పోయింది. చేపలు తిన్నయ్. బుచ్చవ్వ తిన్నదో లేదో నాకెట్ల తెలుస్తది?"

"మా వాళ్ల కబరస్తాన్ కూడా అక్కడే గదా?" లతీఫుద్దీన్ అడిగాడు.

"గక్కన్నే సాబ్. మధ్యల గోడ గూడ లేదు. మైమూనా బీని గక్కన్నే పెట్టిండ్రు, ఆమె కొడుకులు హైదరాబాదు నుంచి అచ్చి, ఒడ్డు మీద ఫాతెహా చదివి ఎల్లిపోతరు."

వాడ చివర ఒక తాటిచెట్టు, తల నిండుగా మట్టలతో. దాని మీది నుంచి నాయిన దిగుతున్నాడు. నడుముకు మోకు, భుజాన కల్లు లొట్టి. దిగుతూనే ఉన్నాడు, నేల మాత్రం దగ్గర పడటం లేదు. దేవేందర్ కింద నిలబడి రెండు చేతులూ పైకి చాపాడు.

మెలకువ వచ్చేసరికి పడవ తిరిగి ఒడ్డుకు చేరింది. మంచు పోయింది. ముఖాన ఎండ పడకుండా ఎవరో తువ్వాల కప్పారు. అది బుచ్చన్నది, పసుపు, బీడీ వాసన. వాళ్లు గుట్ట ఎక్కి, సమాధులు చూసి, దిగి వచ్చారట. అతన్ని లేపలేదు.

"మంచిగ పండుకున్నవ్ సారూ" అన్నాడు బుచ్చన్న. "నీళ్ల మీద నిద్ర గట్లనే అత్తది."

సిరిసిల్ల గెస్ట్‌హౌస్‌లో భోజనం చేస్తున్నప్పుడే మంత్రి పీఏ శ్రవణ్ నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. దేవేందర్ తీయలేదు.

వారం తరువాత హైదరాబాదులో మంత్రి తన గదికి పిలిపించాడు. కోపంగా లేడు. చాయ పోయించాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. దేవేందర్ అనే తాను అస్వస్థత వల్ల నిద్రలో ఉన్నాననీ, విచారణలో పాల్గొనలేదనీ, కాబట్టి ఆ రోజు కోరం లేదనీ అందులో ఉంది.

"నిద్రవోయినోడు ఉన్నట్టా లేనట్టా తమ్మీ?" మంత్రి నవ్వాడు. "నేను నిన్నేం అబద్ధం చెప్పుమంటలేను. పండుకున్నవా లేదా?"

"పండుకున్న అన్నా."

"గంతే రాసినం. సంతకం పెట్టి రేపు కమిటీల ఇయ్యి. మన సొంత పార్టోళ్లే నన్ను నిలదీస్తే అవతలోడు ఊకుంటడా? గీ ఒక్క పని చెయ్యి."

దేవేందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. అదే అతన్ని ఇబ్బంది పెట్టింది.

మర్నాడు కమిటీ గది బయట వరండాలో నాహీద్ ఎదురుచూస్తోంది. కోరుట్ల పిల్లే. అతన్ని పక్కకు పిలిచింది.

"సార్, ఒక మాట అడగాలె. ఆ రోజు పడవల మీరొక మాట అన్నరు. రాసుకున్న. సభ్యులేం మాట్లాడినా రాయాలె గదా మేము. కానీ నిద్రల అన్నది. ఇంక ఎవ్వరికి చూపియ్యలే. ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"

"ఏమన్న నేను?"

ఆమె షార్ట్‌హ్యాండు పుస్తకం తెరిచి, వంకర గీతల మీద వేలు పెట్టి చదివింది. "శ్రీ దేవేందర్: నాయినా, మెల్లగ దిగు."

వరండాలో ఎవరో ఫైళ్లు మోసుకుపోతున్నారు. దేవేందర్ గోడకు చెయ్యి ఆనించాడు. నాయిన పడినప్పుడు తాను బడిలో ఉన్నాడు. ఆ మాట ఆయనతో ఎన్నడూ అనలేదు. అనే వీలు రాలేదు.

"బుచ్చన్న ఏమన్నా అన్నడా అప్పుడు?" అని అడిగాడు.

"అన్నడు సార్. అది గూడ రాసిన. 'గీతోళ్ల బిడ్డనే' అన్నడు. తువ్వాల అప్పుడే కప్పిండు."

"ఉంచు" అన్నాడు దేవేందర్.

లోపల తొమ్మిది మందీ ఉన్నారు. ఆ రోజు పడవకు రాని ఆరుగురిలో ఒకాయన లేచి, కోరం లేని విచారణను రికార్డులోకి తీసుకోకూడదన్నాడు. రాధిక దేవేందర్ వైపు తిరిగింది. "మీరు హాజరైనట్టా కానట్టా? మీరే చెప్పండి. మీరేది చెప్తే అదే రాస్తం."

అతను లేచి నిలబడ్డాడు. జేబులోని కాగితం బయటికి తీయలేదు.

"పడవ ఎక్కిన. ఎవ్వరు ఎక్కియ్యలే, నేనే ఎక్కిన. పండుకున్న మాట నిజమే. గని విన్న." బుచ్చన్న చెప్పినవి ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాడు. నల్లాల కోసమని తీసుకున్న వేలిముద్రలు, నీళ్లలో వదిలిన ఇస్తారి, గోడ లేని కబరస్తాన్. నిద్రలో విన్నవి అంత వరుసగా ఎట్లా గుర్తున్నాయో అతనికే తెలియలేదు. ఎదుట నాహీద్ పాత పేజీలు తిప్పుతూ, అతని మాటలతో పోల్చి చూస్తోంది. ఒక్కచోట తలెత్తింది. "'పోయినేడు' కాదు సార్, 'నిరుడు' అన్నడు" అని, మళ్లీ తల వంచుకుంది. లతీఫుద్దీన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఓటింగు దాకా పోలేదు. అభ్యంతరం చెప్పిన సభ్యుడు కూర్చున్నాడు. హామీ జాబితాలోంచి పోలేదు. నివేదిక సభ ముందుకు వచ్చిన రోజు మంత్రి దేవేందర్ పక్కనుంచే నడిచిపోయాడు, చూడలేదు. కార్పొరేషన్ పదవి ఇంకొకరికి వెళ్లింది. ఏడాది తిరిగాక కమిటీని మార్చారు. కొత్త జాబితాలో రాధిక పేరూ లేదు, దేవేందర్ పేరూ లేదు. "సంతకం పెడ్తే ఏం పోయేది?" అని భార్య కల్పన ఒకసారి అడిగింది.

పడవ మాత్రం వచ్చింది. ఇనుప పడవ, నీలం రంగు, పక్కన మంత్రి పేరు పెద్ద అక్షరాలతో. రేవు సగమే కట్టారు. మంత్రి స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించాడు. "ఇచ్చిన మాట నిలబెట్టుకున్నం" అన్నాడు. ఆ వీడియోను దేవేందర్ జగిత్యాలలో ఒక చావు పలకరింపు నుంచి తిరిగి వస్తూ కారులో చూశాడు. నవ్వు వచ్చింది. కోపం మాత్రం, వెతికినా, దొరకలేదు.

పెత్తరమాస నాడు ఎవరికీ చెప్పకుండా రేవు దగ్గరికి పోయాడు. కాలనీ కాలనీ అక్కడే ఉంది. విస్తళ్లు, టిఫిన్లు, మూత పెట్టిన గిన్నెలు. మొదటి ట్రిప్పు అప్పటికే గుట్ట దిక్కు పోతోంది. ముందు బుచ్చన్న నిలబడి ఉన్నాడు, వెనక్కి చూడలేదు. దేవేందర్ సగం కట్టిన మెట్ల మీద కూర్చున్నాడు. పక్కనున్న ముసలామె అతనెవరో అడగలేదు. "నీకెవరున్నరు బిడ్డా గా గుట్ట మీద?" అన్నది మాత్రం.

"ఎవ్వరు లేరవ్వా. ఊకెనే అచ్చిన."

"అయితే ఏంది? తిను" అని ఆమె ఒక గారె తీసి అతని చేతిలో పెట్టింది. ఇంకా వేడిగా ఉంది. నీటి మీద నీలం పడవ చిన్నదైపోతూ, ఎండలో కాసేపు కనిపించి, కాసేపు కనిపించకుండా పోయింది. తిరిగి రావడానికి అరగంట పడుతుందన్నారు. అతను గారె తింటూ కూర్చున్నాడు.