కొర్లమ్మ ముట్టుకోవద్దన్న టోపీ

నేను ఒక సముద్రపు దొంగ టోపీని. ఇప్పుడు చిన్న మ్యూజియంలో, అద్దాల వెనక ఉన్నాను. అద్దాలకి తాళం వేశారు. ఆ తాళం అనవసరం. ఎందుకో చెబుతాను.

బందరులో ఒక ముసలి దర్జీ నన్ను నల్ల ఉన్నితో కుట్టాడు. నన్ను పెట్టుకున్నవాడి మాటని ఏ చెవీ కాదనకూడదని కుట్టుకుట్టుకీ మంత్రం వేశాడు. కుట్టించుకున్నవాడు దానయ్య, ఓడలు దోచేవాడు. నేనొచ్చాక అతనికి కత్తి దూసే పనే లేదు. "సరుకు దింపండి" అంటే చాలు, వర్తకులు దింపేవారు. పైగా "ఇంకేమైనా కావాలా బాబూ?" అని అడిగేవారు. దిగి పారిపోదామంటే నాకు కాళ్లు లేవు.

ఒక మధ్యాహ్నం మేమొక ఓడని తరుముతున్నాం. ముప్పై ఏళ్లుగా ఓడ నడుపుతున్న సరంగు పోలయ్య పరిగెత్తుకొచ్చాడు.

"తూర్పు నల్లబడింది. తెరచాప దించేద్దాం దొరా!"

దానయ్యకి వేట వదలాలని లేదు. "తుఫానూ లేదు, గిఫానూ లేదు. పోనియ్!"

పోలయ్య మళ్లీ ఆకాశం చూశాడు. మొహం విప్పారింది. "అవును దొరా, ఎంత తెల్లగా ఉందో!"

తనన్న మాట దానయ్య చెవుల్లోనూ పడింది. అతనూ నమ్మాడు. గంటలో ఓడ బోల్తా కొట్టింది. ఎండ బాగుందనుకుంటూనే అందరూ మునిగిపోయారు. అరుద్దామంటే నాకు నోరు లేదు.

కింద పొయ్యి దగ్గరుండి ఆ మాట వినని వంటవాడు సింహాద్రి ఒక్కడే పీపా పట్టుకుని బతికాడు. నీళ్ల మీద తేలుతున్న నన్ను తీసుకెళ్లి పోలయ్య భార్య కొర్లమ్మ ముందు పడేశాడు.

"వదినా, అన్నని మింగింది సముద్రం కాదు, ఇది."

కథంతా విని ఆమె నన్ను పొయ్యిలో పెట్టబోయింది. ఈలోగా నా మహిమ విని ఊరు ఎగబడింది.

"ఇటియ్యి అక్కా, నేను దాస్తాను!"

"నీ మొహం, నువ్వు దాచేదేంట్రా? నాకియ్యవే!"

నాలుగు చేతులు నన్ను లాగాయి. విడిపించుకుని ఆమె నన్ను నెత్తిన పెట్టుకుంది. "ముట్టుకోవద్దు! దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు!"

చేతులన్నీ వెనక్కి వెళ్లాయి. నన్ను తీయడానికి లేచిన ఆమె చెయ్యి కూడా గాల్లోనే ఆగిపోయింది. పక్కనే పొయ్యి మండుతోంది, కానీ దాని మీదికి వంగితే జుట్టు అంటుకునేలా ఉంది. చివరికి ఆమె ఒక పెట్టె మీదికి వంగి తల విదిలించింది. నేను అందులో పడ్డాను. కాలితో మూత మూసింది.

విన్నవాళ్లు పిల్లలకి చెప్పారు, వాళ్లు వాళ్ల పిల్లలకి. మ్యూజియం వాళ్లు కూడా నన్ను పెట్టెతో సహా మోసుకొచ్చి, మూత తెరిచి, "ముట్టుకోరాదు" అని బోర్డు పెట్టారు. ఎందుకో వాళ్లకీ తెలియదు. అద్దం తుడిచే కాపలాదారు మాత్రం నన్ను చూడగానే చేతులు వెనక్కి కట్టుకుంటాడు.

ఇక్కడ నాకు ఆలోచన తప్ప పని లేదు. నన్ను పెట్టుకుని ఎన్నో మాటలన్నారు, అన్నీ చెల్లాయి. కానీ ఈ పెట్టెలో నాకు పదే పదే వినిపించేది మాత్రం "తెరచాప దించేద్దాం దొరా."

ఆ మాట అన్నప్పుడు పోలయ్య నెత్తిన ఉన్నది వట్టి తలగుడ్డ.