కొత్త పెట్టని గుమ్మడికాయ

టైడా రాకముందే కిరండోల్ పాసింజరు ఆగిపోయింది. పట్టాల మీద బండరాయి పడిందట. కొండల్లో ఆగిన రైలుని తొందరపెట్టడం ఎవరి తరం? కిటికీ చువ్వల్లోంచి మంచు లోపలికొచ్చి, మనుషుల మధ్య సర్దుకుని కూచుంది. బయట కొండ లేదు, లోయ లేదు. రైలు దేనిమీద నిలబడిందో కూడా తెలియడం లేదు.

రత్నకి ఏడో నెల. పొద్దుట్నుంచీ కడుపులో బిడ్డ కదల్లేదు. అందుకే అత్త అసిరమ్మ ఆమెని శృంగవరపుకోట ఆసుపత్రికి తీసుకెళుతోంది. భయంతో రత్న గంజి కూడా ముట్టలేదు. ఆ నీరసంలో, మగతలో, బిడ్డ కూడా ఏదో మంచులో దారి తప్పిందనిపించింది. మనసులోనే పిలిచింది. పలకలేదు.

"ఏటైనా తినాలే గుంటా," అంది అసిరమ్మ. తినడానికి ఏముంది? సంచిలో గుమ్మడికాయ ఒక్కటే. కోటలో రాత్రికి చోటిచ్చే షావుకారింటికని తెచ్చింది. ఊళ్ళో ఇంకా కొత్త పండగ కాలేదు. అమ్మవారికి పెట్టకుండా కొత్త పంట నోట పెట్టుకుంటే కీడని ఊరందరికీ చెప్పేది అసిరమ్మే. ఆ విషయంలో కన్నకొడుకునైనా క్షమించదు.

అలాంటి మనిషి కత్తి తీసి కాయ కోసింది.

"పచ్చిగానా? కడుపుతో ఉన్న పిల్లకా?" ఎదురుసీట్లో ఉన్న సీతామహాలక్ష్మి, అరకులో కిరాణాకొట్టావిడ, గుండెల మీద చెయ్యేసుకుంది.

"పచ్చిదైతే ఏటీ కాదమ్మా. సేదుంటేనే బయం. సేదుకాయ ఉడకేసినా ఇసమే."

రత్న భయం అది కాదు. "కొత్త అవనేదు కదత్తా. అమ్మోరికి కోపమొస్తే?"

అసిరమ్మ చిన్న ముక్క కోసి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. మింగింది.

"సేదు నేదు. ముందు తిన్నది నాను. కోపమొస్తే నా మీదకే రానీ. నువ్వు తిను."

చల్లగా, తియ్యగా, వాననీళ్ళ వాసనతో ఉంది. ఆకలి రుచెరగదంటారు గానీ, రత్నకి ఆ రుచి జన్మంతా గుర్తుండిపోయింది. ముక్క తర్వాత ముక్క తిని, అత్త ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది.

కాసేపటికి కడుపులో వేలితో తట్టినట్టయింది. ఆపైన గట్టిగా ఒక తన్ను. రత్న అత్త చెయ్యి లాగి పొట్టమీద పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. సీతామహాలక్ష్మి కళ్ళొత్తుకుని, "నాకూ ఒక ముక్క పెట్టండి," అంది.

అసిరమ్మ ఆవిడకో ముక్క ఇచ్చి, మిగిలినవాటిలో మంచి ముక్క ఏరి, కిటికీలోంచి మంచులోకి వదిలింది.

"ఎంగిలిదే అమ్మోరు తల్లీ, ఏటీ అనుకోకు. లోపలున్నోడికి ఇంకా పండగలెరికనేదు."